లెక్కకు దారి అడిగారు, మాటకు అర్థం అడగలేదు

వినోదాన్ని విమర్శకు తగిన వస్తువుగా చూసే అలవాటు మనకు తక్కువ. నవల వస్తే దాని వస్తువేమిటి, శిల్పమేమిటి, అది ఎవరి పక్షాన నిలబడింది అని అడుగుతాం. రోజూ లక్షలమంది చూసే టెలివిజన్ ఆటను మాత్రం కాలక్షేపమని వదిలేస్తాం. కానీ కాలక్షేపానికి కూడా ఒక దృక్పథం ఉంటుంది. అది ఉపన్యాసంలో కనిపించదు, ఆట నిబంధనల్లో కనిపిస్తుంది. అందులోనూ భాషే ముడిసరుకుగా సాగే ఆటను పట్టించుకోనని సాహిత్య విమర్శకుడు అనడం, పొరుగింట్లో తన వస్తువే అమ్ముడుపోతున్నా చూడననడం లాంటిది.

ఇక్కడ పరిశీలిస్తున్నది బ్రిటన్‌లోని 'కౌంట్‌డౌన్' అనే మాటల, లెక్కల పోటీని; ముఖ్యంగా దాని ఛాంపియన్‌షిప్ ఫైనల్‌ను. ఈ ఆట పుట్టింది ఫ్రాన్సులో. 1965లో ఆర్మాన్ జమో 'అతి పొడవైన మాట' అనే అర్థమిచ్చే పేరుతో దీన్ని రూపొందించాడు. 1972లో లెక్కలు కూడా చేర్చి 'అంకెలూ అక్షరాలూ' అని పేరు మార్చారు. ఫ్రెంచి ఆట 2024లో ఆగిపోయింది. దాని ఇంగ్లీషు రూపం 1982 నవంబరు 2న ఛానెల్ ఫోర్ ప్రసారాలు ప్రారంభమైన సాయంత్రం, ఆ ఛానెల్ మొట్టమొదటి కార్యక్రమంగా వచ్చింది. తయారుచేసింది లీడ్స్ నగరంలోని యార్క్‌షైర్ టెలివిజన్. ప్రసార సమయం సాయంత్రం నాలుగూ ముప్పావు. బ్రిటన్‌లో నిరుద్యోగుల సంఖ్య ముప్పై లక్షలు దాటిన సంవత్సరం అది. ఆ వేళకు ఇంట్లో ఉండేవాళ్ళెవరో ఊహించడం కష్టం కాదు: పింఛనుదారులు, గృహిణులు, బడినుంచి వచ్చిన పిల్లలు, పని పోయి ఇంట్లో కూర్చున్నవాళ్ళు. సమాజం "మీతో పనిలేదు" అన్న మనుషుల చేతికి ఒక కాగితమూ పెన్సిలూ ఇచ్చి "ఈ పని చెయ్యండి" అన్నది ఈ ఆట. దాని ఆదరణకు ఇదొక ముఖ్య కారణమని నేననుకుంటాను.

ఆట సులభమైనది. అచ్చులు ఒక దొంతర, హల్లులు ఒక దొంతర. ఆటగాడు కోరినట్టు వాటిలోంచి తొమ్మిది అక్షరాలు తీసి బోర్డుమీద పెడతారు. గడియారం ముప్పై సెకన్లు తిరుగుతుంది. ఆ అక్షరాలతో ఎవరు ఎక్కువ పొడవైన మాట కడితే వారికి అక్షరానికొక పాయింటు. తొమ్మిదీ వాడేస్తే రెట్టింపు, అంటే పద్దెనిమిది. లెక్కల రౌండులో ఆరు అంకెలిస్తారు, మూడంకెల లక్ష్యం ఒకటి చూపిస్తారు. కూడికలు, తీసివేతలు, గుణకారాలు, భాగహారాలతో ఆ లక్ష్యాన్ని సరిగ్గా చేరితే పది పాయింట్లు, దగ్గరికి వస్తే ఏడో అయిదో. చివరి రౌండులో తొమ్మిదక్షరాల మాట ఒకదాన్ని తారుమారు చేసి చూపుతారు. ముందుగా మీట నొక్కి అసలు మాట చెప్పినవారికి పది పాయింట్లు.

ప్రతి సిరీస్‌లోనూ మంచి ఫలితాలు సాధించిన ఎనిమిదిమంది చివరి దశకు వస్తారు. క్వార్టర్ ఫైనల్స్, సెమీ ఫైనల్స్ దాటి ఇద్దరు మిగులుతారు. ఆ ఇద్దరి మధ్య జరిగేదే ఫైనల్. ఇప్పటి పద్ధతిలో పదిహేను రౌండ్లు: పది మాటలకు, నాలుగు లెక్కలకు, ఒకటి చివరి చిక్కుముడికి.

ముందుగా ఈ ఫైనల్‌లోని మంచిని ఒప్పుకోవాలి. మంచిని దాచిపెట్టి చేసే విమర్శ విమర్శ కాదు. ఇద్దరికీ అవే అక్షరాలు, అవే అంకెలు, అదే ముప్పై సెకన్లు. ఒకరికి ఎక్కువ పెట్టుబడి, మరొకరికి తక్కువ పెట్టుబడి అన్నది బల్లమీద ఉండదు. అంతకన్నా ముఖ్యమైన విషయం మరొకటుంది. మొదటి పద్నాలుగు రౌండ్లలోనూ ఇద్దరూ ఏడక్షరాల మాటలే చెబితే ఇద్దరికీ ఏడేసి పాయింట్లు వస్తాయి. ఇద్దరూ లెక్క సరిగ్గా తేలిస్తే ఇద్దరికీ పదేసి. ఒకరి గెలుపు రెండోవాడి చేతిలోది లాక్కోవడం కాదు. సమానమైన పనికి సమానమైన ఫలితం! మార్కెట్టు సమాజంలోని టెలివిజన్‌లో ఇది చిన్న విషయం కాదు. ఒక్క పదిహేనో రౌండులోనే ముందు నొక్కినవాడిదే సర్వమూ. ఇక బహుమతి సంగతి. డబ్బు లేదు. గెలిచినవారికి టీపాట్ ఇవ్వడం ఒక ఆనవాయితీ అయింది. సిరీస్ విజేతకు చాలాకాలం ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువు సంపుటాలు ఇచ్చేవారు. లక్షల పౌండ్లు ఊపిచూపే పోటీల పక్కన ఇది ఎంతో మర్యాదగల ఆట.

ఇంత మర్యాదగల ఆటలో లోపమెక్కడుంది? లెక్కల రౌండునూ మాటల రౌండునూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

1997లో ప్రసారమైన ఒక లెక్కల రౌండు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇచ్చిన అంకెలు 25, 50, 75, 100, 3, 6. లక్ష్యం 952. ఆటగాడు "తేలింది" అన్నాడు. ఎలాగో చెప్పమన్నారు. వందకు ఆరు కలిపితే 106 అన్నాడు. దాన్ని మూడుతో గుణిస్తే 318. దాన్ని 75తో గుణిస్తే 23,850. అందులోంచి 50 తీసేస్తే 23,800. 25తో భాగిస్తే 952. తొమ్మిది వందల లక్ష్యం కోసం ఇరవై మూడు వేల పైచిలుకుకు ఎక్కి దిగిన మనిషిని చూసి అందరూ నవ్వారు, చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు 952కు కాదు, ఆ దారికి. "952" అని ఊరికే చెప్పి కూర్చుంటే అతనికి ఒక్క పాయింటైనా వచ్చేది కాదు. దారి చెప్పలేకపోతే జవాబు చెల్లదని నిబంధన. అంటే లెక్కల రౌండులో ఈ ఆట ఫలితాన్నీ శ్రమనూ విడదీయదు. ఫలితం వెనక మనిషి చేసిన పనిని బోర్డుమీద రాయించి అందరికీ చూపిస్తుంది.

ఇప్పుడు మాటల రౌండు చూద్దాం. "ఎన్ని?" అని అడుగుతారు. "ఎనిమిది" అంటాడు. "ఏమిటా మాట?" అంటారు. చెబుతాడు. పక్కన నిఘంటువు బల్ల దగ్గర కూర్చున్నవారు ఉందో లేదో చూస్తారు. ఉంటే ఎనిమిది పాయింట్లు, లేకపోతే సున్నా. అంతే. "ఆ మాటకు అర్థమేమిటి?" అని ఆటగాణ్ణి అడగాలన్న నిబంధన లేదు. అది చేప పేరో, చెట్టు పేరో, రోగం పేరో అతనికి తెలియనక్కరలేదు. ఆ మాటతో ఎవరైనా ఎప్పుడైనా ఎవరినైనా పలకరించారా, తిట్టారా, ప్రేమించారా అన్నది ఆటకు సంబంధం లేని సంగతి. మాటకు ఇక్కడ మిగిలిన గుణం ఒక్కటే: పొడవు.

లెక్కకు దారి అడిగిన ఆట మాటకు అర్థం అడగలేదు. నేను చెప్పదలచుకున్నది ఇదే. దీన్ని భాషోత్సవమని మెచ్చుకునేవారు ఉన్నారు. నిజానికి ఇది లెక్కల ఉత్సవం. లెక్కలకు ఇచ్చిన గౌరవం మాటలకు ఇవ్వలేదు. అంకెను మనిషి పనిగా చూసి, మాటను కొలబద్దకు అందే సరుకుగా చూసింది.

అర్థం కార్యక్రమంలో అసలు లేదా అంటే, ఉంది. దాన్ని వేరే బల్లకు మార్చారు. 1992 నుంచి నిఘంటువు బల్ల దగ్గర కనిపిస్తున్న సూజీ డెంట్ మాటల పుట్టుపూర్వోత్తరాలు చెబుతుంది. అవి విజ్ఞానదాయకమైనవే, ఆసక్తికరమైనవే. నా అభ్యంతరం ఆమెమీద కాదు, ఆ ఏర్పాటుమీద. మాట కట్టేవాడొకడు, అర్థం చెప్పేవారొకరు. కట్టేవాడికి అర్థంతో పనిలేదు, అర్థం చెప్పేవారికి పాయింట్లతో పనిలేదు. ఫ్యాక్టరీలో మర బిగించే మనిషికి తాను బిగిస్తున్నది ఏ యంత్రంలో భాగమో తెలియనక్కరలేనట్టే ఇక్కడా పని విడిపోయింది.

ఈ విభజన ఫలితం ఫైనల్‌లోనే స్పష్టంగా బయటపడుతుంది. సాధారణ పోటీలో ఆడేవాడు జీవితంలో తనకు తెలిసిన మాటలతో నెట్టుకురావచ్చు. చివరి దశలో అది చాలదు. తరచుగా వచ్చే అక్షరాలతో ఏ మాటలు కట్టవచ్చో జాబితాలు వేసుకుని వల్లె వేసినవారిదే పైచేయి. 1982 డిసెంబరులో మొదటి సిరీస్ గెలిచిన జాయిస్ కాన్స్‌ఫీల్డ్ గళ్ళనుడికట్లు కూర్చే మనిషి. గళ్ళనుడికట్టుకు ప్రాణం ఆధారం. ఆధారమంటే మెలిపెట్టిన అర్థమే. అంటే ఈ ఆట తొలి విజేత అర్థాల వృత్తినుంచి వచ్చింది. తర్వాత అగ్రస్థాయి పోటీలో జాబితాల చదువు పెరిగింది. ఆ కుర్రవాళ్ళు తెలివితక్కువవాళ్ళని నేననడం లేదు. వాళ్ళ జ్ఞాపకశక్తి, పట్టుదల ఆశ్చర్యపరుస్తాయి. ఆట ఏది అడిగిందో వాళ్ళు అదే నేర్చుకున్నారు. నేరం నిబంధనది.

ఈ ధోరణి చివరికి ఎక్కడ తేలుతుందో చూడాలంటే పక్కనున్న స్క్రాబుల్ పోటీలను చూస్తే చాలు. 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీ బెల్జియంలో జరిగింది. గెలిచినవాడు న్యూజిలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్. అతనికి ఫ్రెంచి మాట్లాడడం రాదు. పోటీకి ముందు కొద్ది వారాలపాటు ఫ్రెంచి మాటల జాబితా కంఠస్థం చేశాడు, అంతే. 2024లో స్పానిష్ పోటీ కూడా గెలిచాడు. పత్రికలు దీన్ని మానవ మేధకు మచ్చుతునకగా కీర్తించాయి. మేధే, కాదనను. కానీ ఒక భాషలో ప్రపంచ విజేత ఆ భాషలో దాహానికి మంచినీళ్ళు అడగలేకపోతే, ఆ పోటీ జరిగింది భాషలో కాదని ఒప్పుకోక తప్పదు.

"ఇదంతా ఆట కదా! చదరంగంలో ఏనుగు నిజం ఏనుగా? గుర్రం గడ్డి తింటుందా? దానిమీద లేని ఆక్షేపణ దీనిమీద ఎందుకు?" అని అడిగేవారుంటారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు ఇది. చదరంగం పావులు ఆటకోసం చేసినవి. ఆట ముగిశాక పెట్టెలోకి పోతాయి. మాటలు ఆటకోసం పుట్టలేదు. పొలంలో, మగ్గం దగ్గర, వంటింట్లో, సమ్మెలో, చావింట్లో మనుషులు తమ అవసరం కొద్దీ చేసుకున్నవి అవి. వాటిని ఆటకు అరువు తెచ్చుకున్నప్పుడు వాటి సొంతదారులెవరో గుర్తుంచుకోవలసిన బాధ్యత ఆటమీద ఉంది.

ఇక్కడినుంచే రెండో ప్రశ్న వస్తుంది. అర్థం అడిగే ఆటలో సాక్షి మనిషి అవుతాడు. "మా ఊళ్ళో దీన్ని ఇలా అంటాం, ఇందుకు వాడతాం" అని చెప్పగలుగుతాడు. అర్థం అడగని ఆటలో సాక్షి పుస్తకమే. పుస్తకంలో ఉంటే మాట, లేకపోతే కాదు. మరి ఆ పుస్తకంలోకి ఏ మాటలు ఎలా వచ్చాయి?

ఈ ఆటకు ప్రమాణం ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు. అచ్చైన పుస్తకాలనుంచి వేలాదిమంది స్వచ్ఛందంగా ఏరి పంపిన ఉదాహరణల మీద కట్టిన మహానిఘంటువు ఆ సంప్రదాయానికి మూలం. 1884లో మొదటి భాగం అచ్చైతే 1928కి గాని మొదటి కూర్పు పూర్తికాలేదు. గొప్ప పని. కానీ దాని పునాది అచ్చు. అచ్చుకెక్కని నోళ్ళకు అందులో చోటు తక్కువ. విచిత్రమేమంటే ఈ ఆట పుట్టిన యార్క్‌షైర్ ప్రాంతమే ఆ లోపాన్ని పూరించడానికి ఒక మనిషిని ఇచ్చింది. అతను జోసెఫ్ రైట్. 1855లో బ్రాడ్‌ఫర్డ్ దగ్గర పుట్టాడు. ఆరేళ్ళకే రాతి గనిలో గాడిదలు తోలాడు, తర్వాత సాల్టెయిర్ మిల్లులో కూలిపిల్లవాడయ్యాడు. పదిహేనేళ్ళు వచ్చేదాకా చదవడం రాదు. ఆ మనిషే ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్యుడై, 1898 నుంచి 1905 దాకా ఆరు సంపుటాల ఇంగ్లీషు మాండలిక నిఘంటువును వెలువరించాడు. తర్వాత 1950లో మొదలుపెట్టి 1961 దాకా లీడ్స్ విశ్వవిద్యాలయం తరఫున హెరాల్డ్ ఆర్టన్ బృందం 313 చోట్ల తిరిగి, ముఖ్యంగా పల్లెల్లోని ముసలి వ్యవసాయ కార్మికుల నోటినుంచి మాటలు సేకరించింది. లీడ్స్‌లో ఏళ్ళ తరబడి సాగిన ఈ ఆట తీర్పుకోసం మాత్రం ఆక్స్‌ఫర్డ్ వైపే చూసింది. మాండలికమన్న గుర్తుతో కొన్ని మాటలు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోనూ చేరిన మాట వాస్తవమే. అవి ఆటలో చెల్లుతాయి కూడా. కానీ ఆ మాట చెల్లేది దాన్ని పలికే మనిషి ఉన్నాడని కాదు, పుస్తకం ఒప్పుకుంది కనక. ఒప్పుకోని మాటను తల్లిదగ్గర నేర్చుకున్నవాడు ఫైనల్‌లో పలికితే సున్నా. దాన్ని ఎన్నడూ వినని, అర్థం తెలియని మరో మాటను జాబితాలోంచి తీసి చెప్పినవాడికి ఎనిమిది.

ఈ గొడవ తెలుగువాళ్ళకు కొత్తది కాదు. మాటలతో, అంకెలతో సభలో పోటీ పెట్టే విద్య మనకూ ఒకటుంది. అష్టావధానంలో న్యస్తాక్షరి అంటే చెప్పిన చోట చెప్పిన అక్షరం పడాలి. నిషిద్ధాక్షరి అంటే అడుగడుగునా వద్దన్న అక్షరాన్ని తప్పించుకుంటూ పద్యం నడపాలి. ఘంటాగణనమంటే నడుమ కొట్టిన గంటల లెక్క చెప్పాలి. అక్షరాల నిర్బంధం, లెక్క, ఒత్తిడి అన్నీ ఉన్నాయి. కానీ ఒక్క తేడా ఉంది: ఎన్ని కట్లు కట్టినా పద్యానికి అర్థం ఉండాలి. అర్థం లేని నిషిద్ధాక్షరి సభలో నిలవదు. ఆ మేరకు మన విద్య నిబంధన మెరుగైనది. అలాగని గర్వపడి కూర్చోనక్కరలేదు. అవధానం చాలాకాలం సంస్థానాల సభల్లో, పండిత కుటుంబాల్లో తిరిగింది. సంస్కృత విద్య అందని కులాలకూ స్త్రీలకూ ఆ వేదిక దాదాపు మూసే ఉంది. అర్థం అడిగింది గాని, ఎవరి జీవితంలోని అర్థమో అడగలేదు.

నిఘంటువు విషయమూ అంతే. సూర్యరాయాంధ్ర నిఘంటువు కావ్యాల్లోని మాటలకు పీట వేసి, జనం నోట్లోని మాటలను గ్రామ్యమని గుమ్మం బయట నిలబెట్టింది. గిడుగు రామమూర్తి దాన్ని విమర్శించారు. తర్వాత ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశాలు వేసింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో వచ్చాయి. రైతునూ నేతగాణ్ణీ అడిగి రాసిన పుస్తకాలవి. యార్క్‌షైర్‌లో రైట్ చేసిన పనికీ, ఇక్కడ వృత్తిపదకోశం చేసిన పనికీ సూత్రం ఒక్కటే: పనిచేసే మనిషి మాటకు పనిచేసే మనిషే సాక్షి.

మళ్ళీ 'కౌంట్‌డౌన్' దగ్గరికి వద్దాం. ఈ ఆటలో విమర్శకు లొంగని భాగం ఒకటుంది. అది తెర ఇవతల ఉంది. ఇంట్లో కూర్చున్న ముసలావిడ ఆరక్షరాల మాట కట్టి, మనవడు ఏడక్షరాల మాట చెబితే, "అదేం మాటరా, అర్థమేమిటి?" అని తప్పక అడుగుతుంది. చెప్పలేకపోతే ఒప్పుకోదు. స్టూడియోలో లేని నిబంధన ఇంట్లో తనంతట తానే అమలవుతుంది. జనం మాటను అర్థంనుంచి వేరుచేసి చూడరు గనక. ఈ ఆట నాలుగు దశాబ్దాలు దాటి బతికిందంటే దాన్ని బతికించినది ట్రోఫీ కాదు, ఈ ఇళ్ళలో ముప్పై సెకన్లపాటు సాగే పనీ, తర్వాత సాగే వాదులాటా. ఫైనల్‌లో గెలిచినవాణ్ణి మాత్రమే చూపే కెమెరా ఈ రెండో ఆటను చూపలేదు.

రేపు ఎవరైనా ఇలాంటి పోటీని తెలుగులో పెట్టవచ్చు. ఇంగ్లీషు అక్షరాల దొంతర మనకు సరిపోదు. 'స్త్రీ' అన్న మాటలో అక్షరం ఒక్కటే, ధ్వనులు నాలుగు. గుణింతాలు, ఒత్తులు ఉన్న లిపికి కొత్త నిబంధనలు రాసుకోవలసిందే. అలా రాసుకునేటప్పుడు పొడవుకు పాయింట్లు పెట్టే ముందు ఇంకొక్క నిబంధన రాయాలి. మాట చెప్పినవాణ్ణి, దాన్ని ఎవరు ఎక్కడ ఎందుకు వాడతారో చెప్పమనాలి. నిఘంటువులో లేని మాట చెప్పి, దానికి తన ఊరిని, తన వృత్తిని సాక్ష్యంగా తెచ్చినవాడికి పాయింట్లు తగ్గించడం కాదు, పెంచాలి. ఆ మాటను అక్కడికక్కడే రాసుకోవాలి. అప్పుడు నిఘంటువు ఆటగాడికి బహుమతిగా పోవడం ఒక్కటే కాదు, ఆటగాడి దగ్గరినుంచి నిఘంటువుకు కూడా కొంత చేరుతుంది.

లెక్క తేల్చినవాణ్ణి "ఎలా?" అని అడగడం అతన్ని గౌరవించడం. ఆ ప్రశ్న వల్లనే 952 అన్న అంకె ఒక మనిషి పని అయింది. మాట చెప్పినవాణ్ణి "అంటే ఏమిటి?" అని అడగడమూ అలాంటి గౌరవమే. ఆ ప్రశ్న అడగనంతవరకు ఫైనల్‌లో ఎవరు గెలిచినా, గెలిచింది పుస్తకమే.